అలంపురము: నిలిచిన గుడులు, తరలివచ్చిన గుడులు

కర్నూలు దగ్గఱ తుంగభద్రను దాటి, హైదరాబాదు మార్గము వెంట కొంత దూరము పోయి తూర్పునకు తిరిగినచో అలంపురము చేరుదుము. మొత్తము మీద అది సుమారు 25 కిలోమీటర్ల దారి. ఊరు పెద్దది కాదు. 1956 వఱకు ఇది హైదరాబాదు రాష్ట్రములోని రాయచూరు జిల్లాలో ఉండెను. రాష్ట్రముల పునర్విభజనలో మహబూబ్‌నగరు జిల్లాలో చేరెను. 2016లో తెలంగాణమున కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, ఈ ఊరి అమ్మవారి పేరు మీదనే జోగులాంబ గద్వాల జిల్లా వెలసెను. ఏలుబడులెన్ని మారినను ఊరు మాత్రము తుంగభద్ర పడమటి గట్టును విడిచి కదలలేదు.

శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములు కలవని మనవారు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము, పడమట అలంపురము. యాత్రికులు ఈ లెక్కననే ఇక్కడికి వచ్చి, జోగులాంబను, బాలబ్రహ్మేశ్వరుని సేవించి పోవుదురు. వారి భక్తికి మేము అడ్డు చెప్పబోము. కాని ఈ ఊరిని మఱియొక విధముగా కూడ చూడవచ్చును. పదమూడు వందల యేండ్ల క్రిందట ఇక్కడనే కట్టబడి ఇక్కడనే నిలిచిన గుడులు కొన్ని. మన కాలములో నీటి వాత పడకుండ రాయి రాయిగా విప్పి ఇక్కడికి తెచ్చి నిలిపిన గుడులు మఱి కొన్ని. ఒకే పల్లెలో ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట అరుదు.

మొదట నిలిచిన గుడుల సంగతి చూతము.

ఇవి బాదామి చాళుక్యుల నాటివి. ఆఱవ శతాబ్దపు నడుమ నుండి ఎనిమిదవ శతాబ్దపు నడుమ వఱకు, రెండు వందల యేండ్లు, దక్కనును ఏలిన రాజులు వీరు. మన తెలుగువారికి వీరు పరాయివారు కారు. రెండవ పులకేశి తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య వంశమునకు మూలపురుషుడు. బాదామి, ఐహొళె, పట్టదకల్లు అను మూడు చోట్లను వారి శిల్పులు రాతితో ఎన్నో ప్రయోగములు చేసిరి. నాల్గవది అలంపురము. మొదటి మూడును మలప్రభ నది సీమలో దగ్గఱదగ్గఱగా ఉండగా, ఇది దూరముగా తూర్పున, తెలుగు నేలపై ఉన్నది. అందుచేతనే కాబోలు, చాళుక్య శిల్పమును గూర్చిన గ్రంథములలో దీనికి రావలసినంత చోటు రాలేదని మా అభిప్రాయము.

ఇచ్చటి ముఖ్యాలయములు తొమ్మిది: బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ. పేర్లు విని ఇవి చతుర్ముఖ బ్రహ్మకు కట్టిన గుడులని చాలమంది పొరపడుదురు. తొమ్మిదియు శివాలయములే. బ్రహ్మ ఇచ్చట తపస్సు చేయగా శివుడు ప్రత్యక్షమయ్యెనని స్థలపురాణము. కొందఱు పండితులు ఇంకొక మాట చెప్పుదురు: అర్కమనగా జిల్లేడు, కుమారి యనగా కలబంద, ఇట్లే తక్కిన పేర్లును రసవాదులు వాడిన మూలికల పేర్లనియు, ఇది ఒకప్పుడు రససిద్ధుల స్థానమనియు వారి ఊహ. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుట శిల్పమును చూచుటకు అవసరము కాదు.

చూడవలసిన మొదటి వింత శిఖరము. మన దక్షిణదేశపు గుడులలో విమానము అంతస్తులు అంతస్తులుగా, మెట్లు మెట్లుగా పైకి పోవును. ప్రతి అంతస్తును వేఱువేఱుగా లెక్కపెట్టవచ్చును. అలంపురములో అట్లు కాదు. చతురస్రముగా మొదలైన శిఖరము నాలుగు అంచులును లోపలికి వంగుచు, ఒకే ఊపున పైకి సాగి, కొనయందు పెద్ద ఉసిరికాయ వంటి రాతితో ముగియును. ఆ రాతికి ఆమలకమనియే పేరు, ఆమలకమనగా ఉసిరిక. ఉసిరికాయ మీది గీతల వలెనే దాని చుట్టును గాడులు చెక్కబడి ఉండును. ఇది ఉత్తరదేశపు పద్ధతి, శాస్త్రజ్ఞులు రేఖానాగరమందురు. భువనేశ్వరము చూచినవారికి ఇది క్రొత్త కాదు. తొమ్మిదింటిలో ఎనిమిది గుడులు ఈ పద్ధతిలోనివే. తారకబ్రహ్మ మాత్రము దక్షిణపు తీరులో, అంతస్తులు గలదిగా కట్టబడినది. ఇప్పుడది కొంత శిథిలము. గర్భగృహములో మూర్తి లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఇంత దక్షిణమున ఉత్తరపు శిఖరములు ఇన్ని ఒక్కచోట చేరుటయు, వాటి నడుమ ఒక్క దక్షిణపు గుడి ఉండుటయు గమనింపదగినవి. చాళుక్య శిల్పులకు రెండు విద్యలును తెలియును. ఏది కావలెనో కోరుకొని కట్టిరి.

శిఖరము ముందు వైపున, మంటపపు కప్పు పైకి చొచ్చుకొని వచ్చినట్లుగా ఒక గూడు కనబడును. దీనిని శుకనాస, అనగా చిలుకముక్కు, అందురు. గుఱ్ఱపు లాడము ఆకారమున నున్న ఈ గూటిలో నటరాజును చెక్కుట ఇచ్చటి ఆచారము. క్రింద నిలుచున్నవారికి అది బాగుగా ఎత్తున ఉండును. ఎండ తూర్పునుండి పడు ఉదయ సమయమున మాత్రమే ఆ నృత్యమూర్తి చేతులు, కాళ్ళు స్పష్టముగా తెలియును. గుడులు తూర్పు ముఖములు గనుక చూడబోవువారు ప్రొద్దుటనే పోవలెనని మా సలహా.

ఇక లోపలి కట్టడము. గర్భగృహము చిన్న గది. దానిచుట్టు ప్రదక్షిణ పథము. ఆ పథమునకు వెలుపల మఱియొక గోడ. అనగా రెండు గోడల నడుమ భక్తుడు తిరుగును. దారి చీకటిగా ఉండకుండుటకు వెలుపలి గోడలో రాతి జాలకములు అమర్చిరి. ఒక్కొక్క రాతిపలకను తొలిచి, తీగెలుగాను, చక్రములుగాను, అల్లికలుగాను చేసిన కిటికీలవి. వెలుగు వాటిగుండ ముక్కలు ముక్కలుగా వచ్చి నేలపై పడును. గర్భగృహమునకు ముందు మంటపము. దానిలో స్తంభముల వరుసలు నడిమి భాగమును ప్రక్క భాగములనుండి వేఱుచేయును. నడిమి భాగపు కప్పు ఎత్తుగాను, సమముగాను ఉండును. ప్రక్కల కప్పు పలకలు బయటికి వాలియుండును. వానాకాలములో నీరు నిలువక జాఱిపోవుటకే ఈ ఏర్పాటు. మన పల్లెటూరి పెంకుటింటి వసారా వాలును చూచినవారికి దీని ఉపయోగము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ గోడలలో సున్నము లేదు. రాతిపై రాయి, అంచుకు అంచు సరిపోవునట్లు చెక్కి, బరువుతోనే నిలుచునట్లు పేర్చిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత దీనితో పని కలదు.

వెలుపలి గోడల మీద గూళ్ళు, గూళ్ళలో దేవతామూర్తులు, గూళ్ళపైన చిన్న శిఖరపు ఆకారములు. తొమ్మిదింటిలో స్వర్గబ్రహ్మాలయము శిల్పమున మిన్న అనుటలో అందఱును ఏకీభవింతురు. మూలలయందు దిక్పాలకులు తమ తమ దిక్కులకు ముఖము చేసి నిలిచియున్నారు. స్తంభముల మీది పూర్ణకుంభములు, లతలు, మిథునములు చూచి తనివి తీరదు. వినయాదిత్యుని కాలమున, అనగా 681 నుండి 696 వఱకు గల పదునైదేండ్లలో, ఇది కట్టబడినట్లు అక్కడి శాసనము వలన తెలియుచున్నది. అతని కుమారుడు విజయాదిత్యుని నాటి 713వ సంవత్సరపు శాసనము రాజాజ్ఞచే ఈశానాచార్యస్వామి ప్రాకారము కట్టించిన సంగతి చెప్పును. కట్టించిన రాజు పేరు మాత్రమే కాక పని నడిపిన ఆచార్యుని పేరు కూడ మిగులుట మన అదృష్టము. రాళ్ళు చెక్కిన చేతుల పేర్లు కూడ మిగిలియుండిన ఎంత బాగుండెడిది! పట్టదకల్లులోని పాపనాథాలయపు గోడల అలంకారములో అలంపురపు పోలికలు కలవని శిల్పచరిత్రకారులు వ్రాసిరి. ఇక్కడి పనితనము అక్కడికి పోయెనన్న మాట.

పద్మబ్రహ్మాలయపు శిఖరము పూర్తికాలేదు. అర్కబ్రహ్మ చాల దెబ్బతిన్నది. బాలబ్రహ్మ మాత్రము నిత్యపూజలతో కళకళలాడుచున్నది. శివరాత్రినాడు అక్కడ జనము ఇసుక వేసిన రాలదు. పూజ ఉన్న గుడికి దీపము, నైవేద్యము, మరమ్మతు ఉండును. పూజ లేని గుడికి పురావస్తు శాఖవారి కాపలా ఉండును. ఈ రెండు విధముల సంరక్షణలును ఒకే ఆవరణలో చూడవచ్చును.

చాళుక్యుల పిమ్మట రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు, విజయనగర ప్రభువులు వరుసగా ఈ సీమను ఏలిరి. తొమ్మిదవ శతాబ్దపు సూర్యనారాయణాలయము, కృష్ణదేవరాయల శాసనము గల నరసింహాలయము ఆ కాలములకు గుర్తులు. కల్యాణి చాళుక్యుల నాడు ఇచ్చట శైవాచార్యుల మఠము గొప్పగా ఉండెను. ఆఱవ విక్రమాదిత్యుని 1101వ సంవత్సరపు శాసనములో ఊరి పేరు హతంపురమని ఉన్నది. పదునాలుగవ శతాబ్దపు చివర బహమనీల దాడిలో జోగులాంబ గుడి నాశనమయ్యెనని ప్రతీతి. అమ్మవారిని బాలబ్రహ్మాలయములోనికి చేర్చిరి. ఆమె అక్కడనే శతాబ్దముల తరబడి పూజలందుకొని, 2005లో క్రొత్తగా కట్టిన తన గుడికి తిరిగి వచ్చెను. ఇదే ఊరిలో షా అలీ పహిల్వాన్ దర్గా కూడ కలదు. ఉర్సు నాడు చుట్టుప్రక్కల పల్లెలవారు వత్తురు.

ఊరిలోని వస్తుప్రదర్శనశాలను చూడక తిరిగిపోరాదు. అందు శిరస్సునకు బదులు పద్మము గల ఒక తల్లి మూర్తి కలదు. పండితులు లజ్జాగౌరి యందురు. సంతానము కోరు స్త్రీలు ఆమెకు నూనె పూసి, కుంకుమ పెట్టి కొలిచెడివారు. ప్రదర్శనశాలలోని శిల్పము ఒకనాటి ఇలువేల్పు అనుట ఇటువంటివి చూచినప్పుడు మనకు స్ఫురించును.

ఇంత సంపద గల ఊరి సంగతి లోకమునకు చెప్పినవారిలో గడియారం రామకృష్ణశర్మగారిని తలవక తప్పదు. వారు అలంపురములోనే ఉండి, శాసనములు చదివి, గుడులను గూర్చి వ్రాసిరి. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఈ ఊరిలో జరిగినవి. సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చిరి. ఒక పల్లెటూరిలో అంత సభ జరుగుట ఆనాడు విశేషమే. శర్మగారు 2006లో కీర్తిశేషులైరి. వారి ఆత్మకథ శతపత్రమునకు ఆ తరువాత కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను.

ఇక తరలివచ్చిన గుడుల సంగతి. అలంపురమునకు దిగువను తుంగభద్ర కృష్ణలో కలియును. దానికి ఇంకను దిగువను, నల్లమల కొండల నడుమ, శ్రీశైలము దగ్గఱ కృష్ణకు ఆనకట్ట కట్టుటకు 1960 ప్రాంతమున పని మొదలై, 1980ల తొలి సంవత్సరములలో ముగిసెను. జలాశయము నిండినప్పుడు నీటి మట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. ఆ నీరు కొండల మధ్యనే ఆగదు. కృష్ణ వెంటను, తుంగభద్ర వెంటను వెనుకకు ఎగదన్నును. విద్యుత్తు వచ్చెను, పొలములకు నీరు వచ్చెను. దానితోపాటు నదుల గట్టులనున్న పురాతన దేవాలయములు మునుగు పరిస్థితియు వచ్చెను.

వాటిలో ముఖ్యమైనది కూడవెల్లి సంగమేశ్వరాలయము. సరిగా రెండు నదులు కలియుచోట, ఎత్తైన అరుగు మీద, అలంపురపు నవబ్రహ్మల పోలికతో చాళుక్యులు కట్టిన గుడి అది. రెండవది పాపనాశి సముదాయము. ఇవి ఇరువదిమూడు గుడులు. చిన్నవి, పెద్దవి ఒకచోట గుంపుగా ఉండును. తొమ్మిదవ శతాబ్దమునుండి పదునొకండవ శతాబ్దము వఱకు, రాష్ట్రకూటుల కాలమునను, కల్యాణి చాళుక్యుల కాలమునను, ఒకదాని తరువాత ఒకటి కట్టినట్టివి. వీటి శిఖరములు నవబ్రహ్మల వలె వంపు తిరిగినవి కావు. రాతి పలకలను పెద్దవి క్రింద, చిన్నవి పైన, వరుసలుగా పేర్చి పైకి తగ్గించుకొని పోయిన కప్పులు. పని సులభము, ఖర్చు తక్కువ. అయినను చూచుటకు నిండుగ ఉండును. రాజుల గుడుల ప్రక్కన ఇవి సామాన్యముగా కనబడవచ్చును. ఒక క్షేత్రము మూడు వందల యేండ్లపాటు జనాదరణ పొందుచు ఎట్లు పెరిగినదో తెలిసికొనుటకు మాత్రము వీనిని మించిన సాక్ష్యము లేదు.

వీనిని భారత పురావస్తు శాఖవారు విప్పి, అలంపురపు పరిసరములలో మరల నిలిపిరి. గుడిని విప్పుట యనగా ఏమో కొంచెము చెప్పవలెను. మొదట కట్టడమునకు కొలతలు తీసి, పటములు గీసి, అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీయుదురు. పిదప ప్రతి రాతిమీదను అంకె వేయుదురు: ఏ గోడ, ఏ వరుస, వరుసలో ఎన్నవది అని. అటుపై కలశము మొదలు క్రిందికి, కట్టిన క్రమమునకు సరిగా తలక్రిందులుగా, వరుస వరుసగా దించుదురు. క్రొత్త చోట గట్టి పునాది వేసి, క్రింది వరుసతో మొదలుపెట్టి, అంకెల ప్రకారము మరల పేర్చుదురు. విఱిగిన రాయి ఉన్నచో దాని స్థానమున క్రొత్తది చెక్కి పెట్టుదురు. సున్నము లేని గోడలని మేము ముందు చెప్పితిమి. ఆ పాత శిల్పుల పద్ధతియే ఇప్పుడు మేలు చేసెను. సున్నముతో అతికిన గోడను విప్పినచో రాళ్ళ అంచులు పగులును. పేర్చిన గోడ పేర్చినట్లే విడివడును. పదమూడు వందల యేండ్ల నాడు అమర్చిన రాయి ఏ రాతి ప్రక్కన ఉండెనో నేడును ఆ రాతి ప్రక్కననే ఉన్నది.

అయినను అది ఉండెడి నేల వేఱు. సంగమేశ్వరుడన్న పేరు రెండు నదుల కలయికను బట్టి వచ్చినది. నేడు ఆ గుడి అరుగుపై నిలిచి చూచిన నదులు కలియుట కానరాదు. శిల్పము దక్కినది, స్థలము దక్కలేదు. ఇట్టి మార్పిడి తప్పని వారు కొందఱు కలరు. కట్టడమును దాని తావునుండి వేఱుచేసిన పిమ్మట అది ప్రదర్శనశాలలోని వస్తువే యని వారి వాదము. మేము దానితో పూర్తిగా ఏకీభవింపలేము. నీటి అడుగున ఉండిన గుడిని ఎవరు చూడగలరు? కాని ఆ వాదములో కొంత సత్యము లేకపోలేదు.

దీనికంటె బరువైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ జలాశయములో గుడులు మాత్రమే కాదు, వంద దాకా గ్రామములు మునిగినవి. లక్షకు మించిన జనము ఊళ్ళు విడిచిరి. 1981లో అనేక గ్రామములను ఖాళీ చేయించి ఇండ్లను కూలగొట్టిరి. ఈ సీమ ఇండ్లు రాతి గోడల మీద దూలములు పఱచి మట్టి కప్పిన మిద్దెలు. ఆ గోడల రాళ్ళకు ఎవరును అంకెలు వేయలేదు. గుడి మొత్తముగా తరలివచ్చెను. ఊరు విడివిడిగా చెదరిపోయెను. నష్టపరిహారము చాలలేదని, ఆలస్యమయ్యెనని నిర్వాసితులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనిరి. తరలించిన గుడులను చూచి మెచ్చుకొనువారు, ఆ గుడులలో మ్రొక్కిన పల్లెలేవి, ఆ జనమెక్కడ అని కూడ అడుగుట న్యాయమని మాకు తోచుచున్నది.

నవబ్రహ్మాలయములను మాత్రము కదలింపలేదు. వాటికిని, ఊరికిని నీరు తగులకుండ నది ప్రక్కన ఎత్తైన కరకట్ట కట్టిరి. దాని మేలు అందఱెఱిగినదే. కాని ఒకప్పుడు గుడి వాకిటినుండి తుంగభద్ర కనబడెడిది. నేడు కట్ట ఎక్కినగాని నది కనబడదు. నదీ ముఖముగా కట్టిన గుడులకు ఎదుట ఇప్పుడొక గోడ. కట్ట ఉన్నంత మాత్రాన అపాయము పూర్తిగా తొలగిపోలేదు. 2009 అక్టోబరులో తుంగభద్రకు, కృష్ణకు ఒక్కసారిగా వచ్చిన వరదలలో కర్నూలు నగరము మునిగెను. అలంపురములోనికిని నీరు వచ్చెను. రాతి గుడులు ఆ తాకిడికి ఓర్చుకొన్నవి. నీటిలో తడిసి, ఎండి, మరల తడిసిన రాతికి పొరలు లేచును. పునాదుల క్రింద మన్ను కుంగును. ఈ హాని ఒక్కనాటిలో కంటికి కనబడదు. కావున వరద తీసిన పిమ్మట ఫొటోలు తీసికొని పోవుటతో పని ముగియదు, ఏటేట పరీక్షించుచుండవలెను.

అలంపురమునకు పోవువారు తఱచుగా ఒక సందేహము అడుగుదురు: వేసవిలో నీటినుండి బయటపడు సంగమేశ్వరాలయము ఇదేనా యని. కాదు. అది వేఱు. కృష్ణకు దిగువన, నేటి నంద్యాల జిల్లాలో, ఏడు నదుల సంగమమని జనులు పిలుచు చోటనున్న గుడి అది. అందలి లింగము రాతిది కాదు, వేపమ్రానిది. ఆ గుడి మునిగిన చోటనే ఉన్నది. ఏటిలో ఎక్కువ నెలలు అది జలాశయము అడుగుననే ఉండును. నీటి మట్టము బాగుగా తగ్గిన వేసవులలో మొదట శిఖరము, తరువాత గోడలు, చివరకు గర్భగృహము బయటపడును. అర్చకులు బురద కడిగి, దీపము పెట్టి, పూజలు మొదలుపెట్టుదురు. జనము పడవలమీదను, నడిచియు వత్తురు. తొలకరి వరద వచ్చి నీరు గడప దాటు వఱకు ఆ పూజలు జరుగుచుండును.